పులితోలులో పదకొండు అంగుళాలు

మా మామగారు చంపిన పులి పొడవు తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు. ఈ అంకె నేను మొదట విన్నది నా పెళ్ళిచూపుల రోజున. బోయిన్‌పల్లిలో వాళ్ళ ముందు గది. ఎదురుగోడకు అడ్డంగా పులితోలు, దాని కింద చెక్క కుర్చీలో ఆయన. నేనేం పని చేస్తానో, ఏ చర్చికి వెళ్తానో ఇంకా అడగనే లేదు.

"తొమ్మిది, రెండు" అన్నారు, వెనక్కి తిరిగి చూడకుండానే. "ఒకటే గుండు."

నేను తల ఊపాను. తల ఊపుతూనే తోలును కంటితో కొలిచాను. అది నా వృత్తి. రాణిగంజ్ వైపు ఒక కలప డిపోలో దుంగలు కొలిచే పని నాది. పదేళ్ళు కొలిచినవాడికి కన్నే సగం టేపు అవుతుంది. ఆ తోలు తొమ్మిది రెండు లాగా అనిపించలేదు. పెళ్ళిచూపులకు వెళ్ళి పులి కొలత అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, డిపో గోడ మీద బొగ్గుతో వేసుకుని, పాత రెడీరెకనర్ పుస్తకం ఒకటి అట్టలు ఊడేదాకా తిరగేసి. ఇంకొకళ్ళ దగ్గర నేర్చుకుంటే, తప్పు చేసినప్పుడు దిద్దేవాడు ఉంటాడు. నాకెవరూ లేరు. నన్ను ఎవరైనా మోసం చేసినా, నన్ను నేనే మోసం చేసుకున్నా చెప్పేవాడుండడు. ఆ భయంతో దేన్నైనా రెండుసార్లు లెక్కపెట్టే అలవాటు పడింది. మోండా మార్కెట్‌లో డజను నిమ్మకాయలు కొంటే సంచీలో పడుతున్నప్పుడు ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి. చర్చిలో ఆరు చరణాల పాట నాలుగు చరణాలకే ఆపేస్తే ఆ పూట ప్రసంగం నా చెవికెక్కదు.

పెళ్ళయ్యాక వాళ్ళ పెరట్లోని రెండు గదుల్లోనే కాపురం పెట్టాం. దాంతో పులి కథ ఎన్నోసార్లు వినే భాగ్యం కలిగింది. మామగారిది గుంటూరు వైపు. చిన్న వయసులో ఆదిలాబాద్ అడవుల్లో ఒక కలప గుత్తేదారు దగ్గర గుమాస్తాగా చేరారు. ఆ శిబిరం కూలీల్లో ఇద్దరిని పులి ఎత్తుకుపోయింది. దాన్ని చంపడానికి అనుమతి వచ్చింది. శిబిరంలో గుత్తేదారు తుపాకీ ఉంది, దాన్ని సరిగ్గా పట్టుకోగలిగింది ఈయనొక్కరే. మంచె కట్టించుకుని కూర్చున్నారు. తెల్లవారుతుండగా పులి వచ్చింది. ఒకటే గుండు. తర్వాత అటవీశాఖ అధికారి వచ్చి కొలిచాడు. ఫోటో తీశారు. శిబిరం ఎత్తేశాక ఈయన సికింద్రాబాద్ వచ్చి ఒక బడి ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యారు. ఫోటో, తోలు, ఆ తోలు ఇంట్లో ఉంచుకోవచ్చని అటవీశాఖ ఇచ్చిన కాగితం, ఈ మూడూ ఆయన ఆస్తి.

కథ వింటున్నప్పుడల్లా నేను అంకెలు ఏరుకునేవాణ్ణి. మంచె మీద కూర్చున్నది ఒక క్రిస్మస్‌కు చెప్పినప్పుడు రెండు రోజులు, ఇంకో క్రిస్మస్‌కు మూడు. మంచెకూ పులికీ మధ్య దూరం ఒకసారి పదమూడు అడుగులు, ఒకసారి పదిహేను, ఒకసారి పద్దెనిమిది. పొడవు మాత్రం ఎప్పుడూ తొమ్మిది రెండే. ఎవరికైనా ఇది ఆయన మాటకు బలంగా కనిపిస్తుంది. నాకు తిరగబడి కనిపించింది. చూసింది చెప్పేవాడి మాట అటూ ఇటూ జరుగుతుంది. అలా కదలని మాట బట్టీపట్టినదే అనుకున్నాను. అనుకుని లోపలే దాచుకున్నాను, పదహారేళ్ళు.

ఎనభైలలో ఒక సినిమా కంపెనీ ఆ ఇంటి గుమ్మం ఎక్కింది. నవాబుల కాలంనాటి కథ తీస్తున్నారట. ఒక కోట, దాని చుట్టూ అడవి, ఊళ్ళ మీద పడే పులి, దాని వెంట ఏళ్ళ తరబడి తిరిగే వేటగాడు. మోండా మార్కెట్‌లో పాత బరిసెలు, తుపాకులు అద్దెకు వెతుకుతుంటే ఎవరో మా మామగారి సంగతి చెప్పారు. కంపెనీ మేనేజరు వచ్చి తోలు చూశాడు, ఫోటో చూశాడు, కథ విన్నాడు. వారం తిరక్కుండా డైరెక్టరును తీసుకొచ్చాడు. డైరెక్టరు తోలు ముందు కుర్చీ అటు జరిపించి, ఇటు జరిపించి, ఒక మాట చెప్పాడు. సినిమా మొదటి దృశ్యం ఇదే. నిజంగా పులిని కొట్టిన ఒక ముసలాయన ఆ తోలు ముందు కూర్చుని "నేను చూశాను, వినండి" అంటాడు. అక్కణ్ణుంచి కథ నవాబుల కాలానికి పోతుంది.

మామగారికి అప్పటికి డెబ్బై మూడేళ్ళు. ఆ పులి కథ వినడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆయన మొదలుపెట్టగానే చర్చివాళ్ళు చెప్పులు వెతుక్కునేవారు. ఇప్పుడు ఊళ్ళన్నీ కూర్చుని వింటాయి. ఆయన ఖాకీ రంగు కోటు కుట్టించుకున్నారు. క్షవరం చేయించుకున్నారు. "నేను చూశాను, వినండి" అన్న మాట స్నానాల గదిలోంచి రోజూ వినిపించేది, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా.

షూటింగు వచ్చే గురువారమనగా, అంతకుముందు శుక్రవారం మేనేజరు డిపోకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నగరంవాడే, నలభై లోపు మనిషి.

"సార్, డైరెక్టర్ సాబ్‌కు ఒకటే పరేషాన్" అన్నాడు దుంగ మీద కూర్చుంటూ. "టైటిల్స్ల 'ఈయన నిజంగ పులిని కొట్టిన మనిషి' అని ఏస్తం. రేపు ఎవడన్న పేపరోడు లేచి అబద్ధమంటే మా ఇజ్జత్ పోతది. మీరు లెక్కల మనిషంట గద. ఇంటోళ్ళు సుత. జెర చూసి చెప్పండి."

"ఏం చూడమంటారు?"

"గదే. అంత ఠీకేనా అని."

అతను అడక్కపోతే నేను కొలిచేవాణ్ణి కాదేమో. పదహారేళ్ళ అనుమానానికి ఒక పని దొరికింది.

ఆదివారం జలుబని చెప్పి చర్చికి వెళ్ళలేదు. అందరూ వెళ్ళాక డిపో స్టీలు టేపు తీసుకుని ముందు గదిలోకి వచ్చాను. బల్ల ఎక్కి, ముక్కు కొస నుంచి వెన్ను మీదుగా తోక కొస దాకా టేపు పట్టాను. పది అడుగుల ఒక అంగుళం. దిగి, మళ్ళీ ఎక్కి, ఈసారి తోక నుంచి ముక్కుకు పట్టాను. పది అడుగుల ఒక అంగుళం. మూడోసారీ అంతే. తేడా పదకొండు అంగుళాలు.

తోలులో రంధ్రాలు కూడా చూశాను. మూడున్నాయి. పక్కటెముకల మీద ఒకటి, దానికి ఎదురుగా రెండోవైపు ఇంకొకటి, వెనక తొడ మీద మూడోది. ఒకటే గుండన్నది గుర్తొచ్చింది. కానీ రంధ్రాల గురించి నాకేం తెలియదు. అంగుళాల గురించి తెలుసు. అవి చాలనుకున్నాను.

బల్ల మీదే కూర్చుని ఆలోచించాను. గొప్పలు చెప్పేవాడు ఉన్నదానికన్నా ఎక్కువ చెబుతాడు. ఈయన తక్కువ చెబుతున్నాడు. పది ఒకటి ఉన్న తోలు గోడ మీద పెట్టుకుని తొమ్మిది రెండు అని ఎందుకంటాడు? రెండూ వేరు వేరు పులులైతేనే అంటాడు. ఫోటోలో పులి ఒకటి, గోడ మీద పులి ఇంకొకటి. కంటోన్మెంటులో దొరలు వెళ్ళిపోయేటప్పుడు సామాను వేలం వేసేవారని విన్నాను. కుర్చీలు, బీరువాలతోపాటు పులితోళ్ళు కూడా. అక్కడ ఒకటి కొనుక్కొచ్చి ఉంటాడు. అంతకన్నా ఘోరమైతే, ఫోటోలో పులిని ఇంకెవరో కొట్టి ఉంటారు, పక్కన నిలబడ్డ గుమాస్తా చేతికి తుపాకీ ఇచ్చి ఉంటారు. ఒక్క అనుమానం గుమ్మం దాటితే మిగతావి దాని వెనకే వస్తాయి.

వాళ్ళు చర్చి నుంచి వచ్చారు. మామగారు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "జ్వరం లేదులెండి అల్లుడుగారూ. మిరియాల పాలు తాగండి" అన్నారు. తాగాను.

మంగళవారం మేనేజరు మళ్ళీ వచ్చాడు.

"తోలు పది అడుగుల ఒక అంగుళం" అన్నాను. "ఆయన చెప్పేది తొమ్మిది రెండు. పదకొండు అంగుళాలు కలవడం లేదు."

"అంటే ఏందీ సార్?"

"అంటే ఏమిటో నాకు తెలియదు. కలవడం లేదు."

అతను చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. నేను ఎవరినీ ఏమీ అనలేదని, ఉన్న అంకె చెప్పానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం ముందు గుమ్మం వైపు కాకుండా పెరటి సందులోంచి వెళ్ళాను.

గురువారం ఎనిమిదికల్లా మామగారు కోటు వేసుకుని వరండాలో కూర్చున్నారు. ఒళ్ళో ఫోటో. తోలుకు పట్టిన దుమ్ము మా ఆవిడ ముందురోజే దులిపింది. పదయింది. పదకొండయింది. కారు రాలేదు. నేను మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి మా ఆవిడ కంచం పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఉంది.

"రెండు ముద్దలు తినండి నాన్నా."

"కోటు మీద పడుతుందే. వాళ్ళు వచ్చి వెళ్ళాక తింటాను."

రెండున్నరకు స్కూటరు మీద కంపెనీ మనిషొకడు వచ్చాడు. దిగకుండానే గేటు దగ్గర్నుంచి అన్నాడు.

"తాతా, ఇగ సూడకుండ్రి. మీ సీను తీసేసిండ్రు."

"ఎందుకయ్యా?"

"నాకేమెరుక? మీ ఇంటాయననే లెక్క కలుస్తలేదన్నడంట."

నేను అప్పటికి సైకిలు పట్టుకుని డిపోకు బయలుదేరుతున్నాను. మామగారు నా వైపు చూశారు. స్కూటరు వెళ్ళిపోయింది. ఆయన లేచి కోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ చేతి మీద వేశారు.

"టేపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పట్టారు?"

"ముక్కు నుంచి తోక కొసకండీ. మూడుసార్లు."

"మూడుసార్లా?"

"అవునండీ. నేను తప్పని ఏమీ అనలేదు మావయ్యగారూ. మీరు దానికి కారణం చెబితే..."

"అడిగి కొలిచేవాడికి చెబుతాను" అన్నారాయన. "కొలిచి అడిగేవాడికి చెప్పను. వెళ్ళండి లెక్కల మేస్టారూ, డిపోకి టైమవుతోంది."

అప్పటిదాకా నన్ను అల్లుడుగారూ అని తప్ప పిలవని మనిషి. ఆ రోజు నుంచి లెక్కల మేస్టారునయ్యాను. "లెక్కల మేస్టారుకి కూర వేయవే." "లెక్కల మేస్టారొచ్చారు, తలుపు తియ్యి." కోపంగా కాదు. అలా అయితే బాగుండేది.

తోలును ఆయనే గోడ మీంచి దించి, నాఫ్తలీన్ ఉండలు వేసి చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టేశారు. గోడ మీద పది అడుగుల పొడవున తెల్ల మచ్చ మిగిలింది.

మా ఆవిడ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అడిగింది. "మా నాన్న అబద్ధమాడారంటారా?"

"నేను అనలేదు. అంకె అంటోంది."

"అంకెకి నోరుందా? మీరేగా దాని నోరు."

అనుమానం మాత్రం పోలేదు. కారణం ఉన్నవాడు చెప్పుకుంటాడు కదా, ఈయన పెట్టెకు తాళం ఎందుకు వేశాడు?

షూటింగు యాప్రాల్ అవతల రాళ్ళగుట్టల్లో జరిగింది. పులిని బోనులో లారీ మీద తెచ్చారని, జనం విరగబడ్డారని చెప్పుకున్నారు. మామగారు వెళ్ళలేదు. ఆర్నెల్ల తర్వాత సినిమా విడుదలైంది. మా ఆవిడ భయపడుతూనే, "వెళ్దామా నాన్నా?" అంది. ఆయన "పదండి" అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది, అనుమానం కూడా. శనివారం మ్యాట్నీకి ముగ్గురం వెళ్ళాం.

మొదటి దృశ్యం తీసేయలేదు. తెల్లగడ్డం పెట్టుకున్న నటుడొకడు పులితోలు ముందు కూర్చుని "నేను చూశాను, వినండి" అన్నాడు. ఆ తోలు గుడ్డ మీద రంగు వేసింది, కుట్టు కనిపిస్తోంది. పక్క సీటు వైపు తిరిగే ధైర్యం నాకు లేకపోయింది.

సినిమా అంతా నేను పులి తోకే చూశాను. వాగు దగ్గర నీళ్ళు తాగే పులి తోకకు తొమ్మిది నల్ల పట్టీలు. కోట గోడ మీద నడిచే పులికి ఏడు. అంటే రెండు పులులు. వేటగాడి మీదికి దూకింది ఏ పులీ కాదు, గడ్డి కూరింది. ప్రేక్షకులకు ఇవేవీ పట్టలేదు. చివర్లో వేటగాడు ఒకే గుండుతో పులిని కొట్టాడు. డప్పులు మోగాయి. నవాబు ఏనుగు దిగి, ఎంత పొడవని అడిగాడు. వేటగాడు పగ్గం తీసి, పులి ముక్కు మీద పెట్టి, నుదుటి మీదుగా, వీపు ఎత్తుపల్లాల మీదుగా, తోక వంపు మీదుగా పరుచుకుంటూ పోయి, "పదకొండు అడుగులు ప్రభూ!" అని అరిచాడు. హాలంతా ఈలలు.

"గూటాలేవయ్యా?" అన్నారు మామగారు. గట్టిగానే అన్నారు.

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. "ఏందీ తాతా, జెర సప్పుడు చెయ్యకు."

"పులిని చీర కొలిచినట్టు కొలుస్తున్నాడయ్యా. గూటాలు పాతకుండా కొలతేమిటి?"

"నువ్వేమన్న కొట్టినవా పులిని?"

మామగారు జవాబు చెప్పలేదు. నేను చెప్పవచ్చు. నేనూ చెప్పలేదు.

బయటికి వచ్చాక బస్టాపులో అడిగాను. "గూటాలంటే ఏమిటండీ?"

"మీకెందుకు లెక్కల మేస్టారూ? మీకు స్టీలు టేపుంది."

ఆదివారం అంతా ఆ గూటాలు నా బుర్రలోనే పాతుకుని ఉన్నాయి. ఆయన కావాలని నా చెవిన వేశాడా? తప్పించుకోవడానికి కొత్త కథా? సోమవారం డిపోలో వాకబు చేస్తే, ఒకప్పుడు కంటోన్మెంటు దొరలకు జంతువుల తోళ్ళు బాగుచేసి ఇచ్చిన ముసలాయన లాల్‌బజార్ దగ్గర చెప్పులు కుట్టుకుంటున్నాడని తెలిసింది. పని మధ్యలోనే వెళ్ళాను. ఆయన మాట కూడా వట్టినే నమ్మదలుచుకోలేదు. అందుకని తోలు కొలత మనసులోనే పెట్టుకుని అడిగాను.

"తాతా, పులిని గూటాలతో కొలవడమంటే ఏంటి?"

ఆయన సూది ఆపలేదు. "సచ్చిన పులిని సక్కగ పండబెడతరు. ముక్కు కాడ ఒక గూటం, తోక కొసకు ఒక గూటం కొడతరు. పులిని పక్కకు గుంజి, రెండు గూటాల నడుమ కొలుస్తరు. గది అసలు కొలత. కొందరు ఈపు మీదికెల్లి టేపు ఏస్తరు, గది జెర ఎక్కువొస్తది. గొప్పలకు."

"సరే. గూటాల మధ్య తొమ్మిది అడుగుల రెండు అంగుళాలున్న పులి ఉందనుకో. దాని తోలు బాగుచేశాక ఎంతుంటుంది?"

"పదడుగులు."

"సరిగ్గా పదడుగులేనా?"

"జెర అటో ఇటో. గుంజేటోని చెయ్యిని బట్టి." ఆయన ఇప్పుడు తల ఎత్తాడు. "తోలు ఎండబెట్టేటప్పుడు సుట్టూ మేకులు కొట్టి గుంజుతం సార్. గుంజకుంటే ముడుసుకపోతది. నా చేతులకెల్లి పోయిన పులి ఏదైన సరే, సచ్చినంక జానెడు పెరిగింది."

ఆయనే అడిగాడు. "ఎందుకడుగుతున్నరు? ఎవలదన్న తోలుందా?"

"మా మామగారిది. తోలు పది ఒకటి ఉంది. ఆయన తొమ్మిది రెండు అంటారు."

"అయితే ఆయన కొట్టిందే" అన్నాడు వెంటనే. "కొనుక్కున్నోడైతే తోలు కొలతనే చెప్తుండె. ఆనికి పులి కొలత ఎట్ల ఎరుకైతది?"

నేను బల్ల మీద కూర్చుని కట్టిన లెక్కే అది. అవే అంకెలు. ఆయన రెండో కొస నుంచి పట్టుకున్నాడు.

డిపోకు తిరిగి వస్తూ సైకిలు తొక్కలేకపోయాను, నడిపించుకుంటూ వచ్చాను. నాకు సిగ్గనిపించింది తప్పు చేసినందుకు కాదు. ఈ తప్పు నేను చేయకూడదు. దుంగను మేమెలా కొలుస్తాం? చుట్టుకొలత తీసుకుని, అందులో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేస్తాం. నాలుగు అడుగుల చుట్టు, పది అడుగుల పొడవు ఉన్న దుంగ మా లెక్కలో పది ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో పన్నెండు ముప్పావుకు దగ్గరగా కలప ఉంటుంది. బెరడుకు, కోతకు పోయేది ముందే వదిలేసే పద్ధతి అది. కొత్తగా వచ్చినవాడు లెక్క వేసుకుని "రెండు ముప్పావు ఎక్కడికి పోయింది?" అని నన్ను అనుమానంగా చూస్తే, "ముందు ఏ కొలతో అడగవయ్యా" అని ఎంతమందిని కసిరానో. అంత కసిరినవాణ్ణి, మా ఇంటి గోడ మీద పులి దగ్గర ఆ ఒక్క ముక్క అడగలేదు.

ఆ సాయంత్రం ముందు గుమ్మం వైపు నుంచే వెళ్ళాను. మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు.

"మావయ్యగారూ, అధికారి మీ పులిని గూటాల మధ్య కొలిచాడా?"

ఆయన పేపరు దించలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

పేపరు దిగింది. నా మొహంలోకి చూశారు. ఈసారి అనుమానం ఆయనది. ఎక్కడో ఎవరినో వాకబు చేసి వచ్చానని ఆయనకు తెలిసిపోయిందనే నా నమ్మకం.

"ఆదివారం చర్చి అయ్యాక చెబుతాను" అన్నారు. "టేపు తెచ్చుకోండి."

ఆదివారం పెరట్లో చాప పరిపించారు. రెండు చెక్క గూటాలు, ఒక సుత్తి సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఒంటి మీద ఖాకీ కోటు.

"పడుకోండి."

"నేనాండీ?"

"పులిని ఇప్పుడెక్కణ్ణుంచి తేను?"

పడుకున్నాను. నడినెత్తికి ఆనించి ఒక గూటం, అరికాళ్ళకు ఆనించి ఒక గూటం కొట్టారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"అమ్మో, ఏమైందమ్మా అన్నకు?"

"ఏం కాలేదొదినా" అంది మా ఆవిడ. "నాన్న కొలుస్తున్నారు."

"కొలుసుడేందీ, మంచిగున్న మనిషిని!" ఆవిడకు శవపేటిక తప్ప ఇంకేం తోచి ఉండదు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆర్నెల్లయింది ఆ నవ్వు విని.

"లేవకండి" అన్నారు మామగారు. టేపు నా నెత్తి మీద పెట్టి, నుదుటి మీదుగా, ముక్కు మీదుగా, గడ్డం కిందికి దించి, పొట్ట ఎక్కించి, దించి, కాలి బొటనవేళ్ళ మీంచి అరికాలికి తెచ్చారు. "అయిదు అడుగుల పదకొండు అంగుళాలు. ఇప్పుడు లేచి గూటాల మధ్య మీరే చూసుకోండి."

చూసుకున్నాను. అయిదు అడుగుల అయిదు అంగుళాలు.

"మా అమ్మాయిని ఇచ్చింది అయిదు అయిదు ఉన్న మనిషికి" అన్నారాయన, టేపు చుట్టి నా చేతిలో పెడుతూ. "ఈ అయిదు పదకొండు మనిషెవరో నాకు తెలియదు. ఆరంగుళాలు కలవడం లేదు, అల్లుడుగారూ."

ఆ మాట కోసం నేను సోమవారం నుంచి కాదు, ఆర్నెల్ల నుంచి కాచుకుని ఉన్నానని అది విన్నాకగాని తెలియలేదు.

మధ్యాహ్నం పెట్టె తెరిచి తోలు మళ్ళీ గోడకెక్కించాం. తెల్లమచ్చకు సరిగ్గా సరిపోయింది. సినిమావాళ్ళకు ఉత్తరం రాస్తానన్నాను. వద్దన్నారు. తోలు కింద కొలతా, కొలిచిన పద్ధతీ డిపో ఎర్ర రంగుతో చెక్క మీద రాసి పెడతానన్నాను. అదీ వద్దన్నారు. "రాస్తే చదువుకుని పోతారు. కలవట్లేదని అడగనివ్వండి." తర్వాత కోటు గుండీలు పెట్టుకుని తోలు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా నేనూ, మా ఆవిడా. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేను చూశాను, వినండి."

విన్నాను. ఈసారి ప్రతి అంకె దగ్గరా ఆపి అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పారు. పదమూడు అడుగులు మంచె కింద నుంచి పులికి, ఆయన అంగలతో. పద్దెనిమిది అధికారి అంగలతో, అతను పొట్టివాడు. పదిహేనెక్కడిదో ఆయనకూ తెలియదు. రెండు రోజులంటే పగళ్ళు, మూడంటే రాత్రుళ్ళు.

"మరి ఒకటే గుండు కదండీ" అన్నాను. "తోలులో రంధ్రాలు?"

"పక్కటెముకల్లో ఒకటి లోపలికి, అవతలివైపు ఒకటి బయటికి."

"తొడ మీద మూడోది?"

మామగారు మొదటిసారి వెనక్కి తిరిగి తోలు వైపు చూశారు. చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు.

"అది మేకుది" అన్నారు. "ఎండబెట్టినప్పుడు కొట్టింది."

మేకులు చుట్టూ అంచుల్లో కొడతారు. ఆ రంధ్రం అంచుకు ఎంత దూరమో నేను కూర్చున్నచోటి నుంచి కంటితో కొలిచాను. తొమ్మిది అంగుళాలకు తక్కువ ఉండదు. టేపు జేబులో ఉంది. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"తర్వాత ఏమైందండీ?" అన్నాను.